‘నాకేం చదువొచ్చని’ అన్న మా చెల్లెలి కూతురికి

అమ్మడూ,

నీకూ, అల్లుడికీ, పిల్లలిద్దరికీ పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో బాబు లెక్కల మార్కుల సంగతి చెబుతూ “ఎనిమిదితో ఆగిపోయినదాన్ని, వాళ్ళకి చెప్పడానికి నాకేం చదువొచ్చని పెద్దమ్మా” అన్నావు. ఇంతలో జాకెట్టు కొలతలకి ఎవరో వచ్చారని పెట్టేశావు. ఫోన్లో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను. నేను బడిలో పని చేసినన్నాళ్ళూ ఈ మాట ఎంతమంది తల్లుల నోట విన్నానో. వాళ్ళలో చాలామంది ఈ మాట అనేసి ఇక బడి గడప తొక్కేవాళ్ళు కాదు. నువ్వలా చేయకూడదు.

నిన్ను ఓదార్చడానికి అబద్ధం చెప్పను. తల్లి చదువు పిల్లల మీద నిజంగానే పని చేస్తుంది. 2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడు. దేశం మొత్తం మీద అసలు బడికి వెళ్ళని తల్లుల పిల్లల్లో 46 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదు. పన్నెండేళ్ళు, ఆ పైన చదివిన తల్లుల పిల్లల్లో అది 26 శాతం. ఇందులో డబ్బు పాత్ర చాలానే ఉంది. చదువుకున్న పిల్లను కాస్త కలిగినింటికే ఇస్తారు కదా. అయితే డబ్బుతోనే అంతా అయిపోదు. జాన్ కాల్డ్‌వెల్ అనే ఆయన నైజీరియాలో పిల్లల మరణాల మీద పని చేసి 1979లో ఒక మాట రాశాడు. చదువుకున్న కోడలు బిడ్డకు జబ్బు చేస్తే అత్తగారు సరేననేదాకా కూర్చోదు, తనే ఆసుపత్రికి తీసుకుపోతుంది, అక్కడ డాక్టరుతో నోరు విప్పి మాట్లాడుతుంది అని. ఎక్కడి నైజీరియా, ఎక్కడి మనం! అయినా చదువుతుంటే మన వీధిలో ఇళ్ళ గురించే రాసినట్టుంది.

ఆ ధైర్యం రావడానికి పెద్ద చదువే కావాలని లేదు. అది నేను కళ్ళారా చూశాను. 1990లో మన నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైనప్పుడు మేం టీచర్లం రాత్రిబడులకి వెళ్ళేవాళ్ళం. పగలంతా నాట్లకీ కలుపులకీ పోయి వచ్చిన ఆడవాళ్ళు పలక పట్టుకుని కూర్చునేవాళ్ళు. సగంమందికి కునుకు వచ్చేది. ఆ చదువులు చదివిన ఆడవాళ్ళే తర్వాత దూబగుంట అనే ఊళ్ళో సారా కొట్టు మూయించారు. ఆ గొడవ జిల్లా దాటి, రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1న ప్రభుత్వమే సారా నిషేధించాల్సి వచ్చింది. అది నీకూ తెలుసు, మీ అమ్మ చెప్పే ఉంటుంది. పేపర్లలో రానిది ఇంకొకటుంది. అప్పుడప్పుడే సంతకం నేర్చుకున్న ఆ తల్లులు మా బడికి రావడం మొదలుపెట్టారు. వచ్చి వరండాలో నిలబడకుండా, లోపలికొచ్చి “మావాడు ఎట్టా చదువుతున్నాడు” అని అడిగారు. వాళ్ళలో ఒక్కరికీ మూడో తరగతి పాఠం చెప్పే చదువు లేదు. అయినా అలా అడిగిన వాళ్ళ పిల్లలు బడి ఎగ్గొట్టడం తగ్గింది.

నా లెక్కలో తల్లి చదువు పిల్లలకి చేరేది ఎక్కువగా ఈ దారినే. బిడ్డను అడగడం, టీచరును అడగడం, డాక్టరును అడగడం. పాఠం చెప్పగలగడం ఆ తర్వాత సంగతి.

ఇక ఇంట్లో ఏం చేయాలో చెబుతాను.

బాబు బడినుంచి రాగానే “ఇవాళ ఏం చెప్పార్రా” అంటే “ఏం లేదు” అంటాడు. ఏ పిల్లాడైనా అంతే. అలా అడక్కు. వాడి పుస్తకం తెరిపించి “ఇది నాకు చెప్పు” అను. మన రాష్ట్రంలో ఇప్పుడు పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి. ఇంగ్లీషు మీడియం అని నువ్వు భయపడుతున్నావు కానీ, ఆ తెలుగు పేజీ నీకు వస్తుంది. నువ్వు తెలుగు పేజీ పైకి చదువు, వాణ్ణి ఎదురు పేజీ చదవమను. తప్పు చదివితే తప్పని నీకు తెలియకపోవచ్చు, పరవాలేదు. ఎక్కడ ఆగుతున్నాడో, ఎక్కడ తడబడుతున్నాడో, ఏ పేజీ చూడగానే మంచినీళ్ళు తాగొస్తానని లేస్తున్నాడో తెలుస్తుంది. అది రేపు టీచరుకు చెప్పు. నలభైమంది పిల్లల్లో ఆ ముక్క ఏ టీచరుకూ ఊరికే దొరకదు. నాకు చెప్పే తల్లి ఉంటే ఆ పిల్లాడి పని సగం అయినట్టే ఉండేది.

నువ్వు మిషన్ మీద ఉన్నప్పుడే ఇదంతా చేయవచ్చు. వాడు పక్కన చాప మీద కూర్చుని గట్టిగా చదవాలి, నీ చెవి అటు ఉండాలి. పది, పదిహేను నిమిషాలు చాలు, కానీ రోజూ జరగాలి. ఆదివారం మూడు గంటలు కూర్చోబెట్టి, చివరికి ఇద్దరూ ఏడవడం వల్ల వచ్చేదేం లేదు.

లెక్కల దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నీ భయమంతా అక్కడే ఉంది. “నాకూ లెక్కలు రావు, మన ఇంటావంటా లేవు” అని వాడి ముందు అన్నావు చూడు, ఆ మాట ఇక అనకు. అమెరికాలో ఒకటో, రెండో తరగతి పిల్లల మీద జరిగిన పరిశోధన ఒకటి 2015లో వచ్చింది. లెక్కలంటే భయపడే తల్లిదండ్రులు తరచూ హోంవర్కులో సాయానికి కూర్చుంటే ఆ పిల్లలు ఏడాది చివరికి లెక్కలు తక్కువ నేర్చుకున్నారు, భయం మాత్రం ఎక్కువ నేర్చుకున్నారు. తల్లిదండ్రుల్లో భయం ఉన్నా సాయానికి కూర్చోని ఇళ్ళల్లో ఈ నష్టం కనిపించలేదు. అంటే వాడి హోంవర్కు లెక్క రాకపోతే దాని మీద పడి టెన్షన్ పడకు. “రేపు సారుని అడిగి వచ్చి నాకు చెప్పు” అని మూసేయించు.

దానికి బదులు టేపు వాడి చేతికివ్వు. ఛాతీ 36 అయితే నాలుగో వంతు ఎంత, కుట్టుకోసం ఒక అంగుళం వదిలితే ఎంత, మీటరు గుడ్డలో రెండు చేతులు పోను ఎంత మిగులుతుంది, ఇవన్నీ నువ్వు కాగితం లేకుండా చేస్తున్నావు. భిన్నాలంటే అవే. లెక్కలు రావని నీకు ఎవరు చెప్పారో గానీ, రోజూ లెక్కలు చేసే బతుకుతున్నావు. బేరం దగ్గర చిల్లర లెక్క వాణ్ణే చూడమను. పిల్లల చదువుల మీద పనిచేసే ప్రథమ్ అనే సంస్థ వాళ్ళు బీహార్, రాజస్థాన్ పల్లెల్లో తల్లులకి చదువూ లెక్కలూ నేర్పించి, ఇంట్లో పిల్లలతో చేయాల్సిన చిన్నచిన్న పనులు కాగితాల మీద ఇచ్చి చూశారు. తల్లులూ నేర్చుకున్నారు, పిల్లల లెక్కలూ మెరుగయ్యాయి. అద్భుతాలేం జరగలేదు, మెరుగైంది కొద్దిగానే. నేను దాన్ని చిన్నచూపు చూడను.

బడికి వెళ్ళే సంగతి. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బళ్ళలో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టారు, ఆ మరుసటేడూ పెట్టారు. ముగ్గుల పోటీలూ, భోజనాలూ, ఫోటోలూ బాగానే ఉంటాయి. కానీ వందలమంది ఉన్న రోజున నీ బిడ్డ గురించి ఏ టీచరూ నింపాదిగా మాట్లాడలేరు. ఆ రోజు వెళ్ళు, మొహం గుర్తుండేలా పలకరించి రా. తర్వాత మామూలు రోజున, బడి విడిచే వేళకి ఇంకోసారి వెళ్ళు. మార్కులు, ర్యాంకు అడక్కు, అవి కార్డులో ఉంటాయి. వాడు తెలియని పేరా ఇస్తే చదువుతున్నాడా? ఎవరి పక్కన కూర్చుంటున్నాడు? మధ్యాహ్నం అన్నం తింటున్నాడా, పారబోస్తున్నాడా? క్లాసులో చెయ్యెత్తుతున్నాడా? నల్లబల్ల మీద అక్షరాలు కనిపిస్తున్నాయా? ఈ చివరి ప్రశ్న తేలిగ్గా తీసుకోకు. చదువు రాదని ముద్రపడిన పిల్లల్లో కళ్ళజోడు పెట్టగానే దారిలో పడిన వాళ్ళను చూశాను.

స్కూల్ కమిటీ ఎన్నికలు వస్తే నిలబడు, నవ్వకు. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం మీద సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. చదువు ఇంత ఉండాలని అందులో ఎక్కడా లేదు. మరుగుదొడ్డికి నీళ్ళు వస్తున్నాయా, గుడ్డు వారానికెన్నిసార్లు పెడుతున్నారు అని అడగడానికి డిగ్రీ ఎందుకు?

అల్లుడితో ఒక మాట చెప్పు. ఆమధ్య బాబును బళ్ళో దింపుతూ “కళ్ళు రెండూ వదిలేసి చావబాదండి సార్” అన్నాడట, వాడే నాకు చెప్పాడు. తండ్రి సరదాగా అన్నాడని పిల్లాడికి తెలియదు. కొట్టడం, మనసు నొప్పించేలా తిట్టడం రెండూ అదే చట్టం 17వ సెక్షన్ కింద నిషేధం. మనమే వెళ్ళి అనుమతి ఇస్తే ఎలా? అతనికి చదవడం రాదని మొహమాటం, అందుకే బడి అంటే ఆ జోకులు. అతన్ని పాఠం అడగమనకు. రాత్రి ఆటో పెట్టేశాక అన్నాల దగ్గర ఆ రోజు ఎక్కడెక్కడ తిరిగాడో, ఎవరెక్కారో పిల్లలకి చెప్పమను, వాళ్ళ సంగతులూ విననివ్వు. తండ్రి కూర్చుని తమ మాట విన్నాడన్నది పిల్లలకి పెద్ద విషయం. ఆ అరగంట టీవీ, ఫోన్లు పక్కన పెట్టండి. ఫోన్ల గురించి ఇంతకన్నా చెప్పను, అందరూ చెబుతూనే ఉన్నారు. రాత్రి తొమ్మిదిన్నరకల్లా పడుకోబెట్టు, అంతే.

ఇప్పుడు పెద్దదాని సంగతి. బాబు మార్కుల గురించి ఫోన్లో అరగంట చెప్పావు, దాని గురించి ఒక్కమాటే చెప్పావు, “అదేలే పెద్దమ్మా, బానే చదువుతుంది” అని. బాగా చదివే ఆడపిల్లని మనమెవ్వరం పట్టించుకోం. పొద్దున అంట్లు, సాయంత్రం గుండీలు కుట్టడం, తమ్ముడికి తలదువ్వడం అన్నీ దానివే. పని చేయొద్దనను. తమ్ముడు చేతులు ముడుచుకు కూర్చోవడమే నాకు నచ్చదు. సగం పని వాడికి పంచు.

యంగ్ లైవ్స్ అని ఒక పెద్ద అధ్యయనం ఉంది. 2002 నుంచి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనే, శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, అనంతపురం, కడప, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్‌లలో సుమారు 3,000 మంది పిల్లల్ని ఏళ్ళ తరబడి వెంబడించి చూశారు. పన్నెండేళ్ళప్పుడు తల్లిదండ్రులు పిల్ల ఎంతవరకు చదవాలని కోరుకుంటున్నారో అడిగారు. ఎక్కువ చదవాలని కోరుకున్న ఇళ్ళల్లో ఆడపిల్లకి చిన్న వయసులో పెళ్ళయ్యే అవకాశం తక్కువగా కనిపించింది. పదిహేనేళ్ళకి బడిలోనే ఉన్న పిల్లల విషయంలోనూ అంతే. దానికిప్పుడు సరిగ్గా పన్నెండు. దాని చదువు ఎక్కడిదాకా అని నువ్వు, అల్లుడు ఎప్పుడైనా పైకి అనుకున్నారా? అనుకోకపోతే ఈ వారమే అనుకోండి, దాని ఎదుటే అనుకోండి. ఎనిమిది అయ్యాక నిన్ను మాన్పించినప్పుడు మన ఇంట్లో ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. పెద్దమనిషివయ్యావు, బడి దూరం, మీ నానమ్మకి ఒంట్లో బాగాలేదు, అలా జారిపోయింది. మామూలుగా అలాగే జారిపోతుంది. నాలుగేళ్ళలో మీకూ ఆ సందర్భాలన్నీ వస్తాయి. ముందుగా అనుకుని ఉంటే కొంతైనా పట్టు ఉంటుంది.

ట్యూషన్ పెట్టించమంటావా అని అడిగావు. బాబుకి ఇప్పుడే వద్దు. ఆ డబ్బుతో పెద్దదానికి మంచి టేబుల్ లైటు కొను, మిగిలింది దాచు.

ఇక నీ విషయం. నువ్వు పది కట్టు. నవ్వకు అన్నాను కదా. ఓపెన్ స్కూల్‌లో పదికి పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పైన వయసు పరిమితి లేదు. రోజూ బడికి పోనక్కర్లేదు, తరగతులు ఎక్కువగా సెలవు రోజుల్లోనే పెడతారు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి గట్టెక్కనక్కర్లేదు, పాసైనవి పోవు, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. పిల్లల చదువు కోసమే అయితే ఇంత కష్టం అక్కర్లేదనే అంటాను. కానీ అంగన్వాడీకో, ఇంకో చిన్న ఉద్యోగానికో పది అడుగుతారు, మిషన్ మీద నీ నడుం ఎన్నాళ్ళు నిలబడుతుంది? అమ్మ కూడా రాత్రి పుస్తకం తీస్తుంటే పిల్లలిద్దరికీ అదొక సరదా. పెద్దదే నీకు లెక్కలు చెబుతుంది, చూడు.

నీ ఎనిమిదో తరగతి టీసీ మీ అమ్మ ఇనప్పెట్టెలో ఉండాలి, రేషన్ కార్డు జిరాక్సుల కింద. లేకపోతే చదివిన బడిలో రికార్డు షీటు అడిగితే ఇస్తారు, ఆధార్, రెండు ఫోటోలు తీసుకుపో. మీ ఊళ్ళో హైస్కూల్లో ఓపెన్ స్కూల్ సెంటరు ఉందో లేదో హెడ్మాస్టరును అడిగి రా. బాబు కళ్ళు కూడా ఈ నెల్లోనే చూపించు, ప్రభుత్వాసుపత్రిలో అయితే పొద్దున్నే వెళ్ళాలి. రెండూ అయ్యాక ఫోన్ చెయ్యి, ఫీజు నేను కడతాను.

ఇట్లు,
మీ పెద్దమ్మ