ఖాతా ఎవరి పేరు మీద ఉంది?

హనుమకొండ

బిడ్డా,

నువ్వు నీ కథ రాసి పంపిన ఇరవై రెండు పేజీలు రెండుసార్లు చదివాను. మొదటిసారి ఆఖరి పేజీ దగ్గర కోపం వచ్చి కాగితాలు మడిచి బీరువా మీద పెట్టేశాను. వారం తర్వాత మళ్లీ తీస్తే పదకొండో పేజీలో ఒక మాట నన్ను పట్టుకుంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ రెండు పేజీల వల్లే ఈ ఉత్తరం.

ముందు కోపం సంగతి. వాగు నీ భర్తను తీసుకుపోయిన ఏడాదికి, ఒక ఉదయం కిటికీలోంచి తొలి సూర్యకిరణం నీ నుదుటిని తాకిందనీ, ఆ క్షణంలో దేవుడు నీలో ధైర్యం నింపాడనీ, నువ్వు మళ్లీ పుట్టావనీ రాశావు. ఆ కిరణం నీ ఇంట్లోకి రాలేదు బిడ్డా. మీ ఇంటికి తూర్పున మీ బావగారి గోడ అడ్డం ఉందని మూడో పేజీలో నువ్వే చెప్పావు. అది నువ్వు చదివిన కథల్లోంచి వచ్చిన కిరణం. నేనూ ఆ కథలన్నీ చదివాను. భర్త పోయిన ప్రతి ఆడదాని ముఖం మీదా అదే ఎండ, ఆఖరి పేరాలోనే.

ఇక పదకొండో పేజీ. "ఆయన ఫోను వాగులోనే పోయింది. నంబరు వేరేవాళ్లకు పోకూడదని ఇరవై ఎనిమిది రోజులకోసారి రీచార్జి చేయించాను. నాలుగోసారి చేయించలేదు." అంతే రాశావు. ఆ వెంటనే పిల్లల బడి ఫీజు సంగతికి వెళ్లిపోయావు. నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. పోయినవాళ్లకు నెలనెలా మాసికం పెడతారు. నువ్వు ఇరవై ఎనిమిది రోజులకోసారి పెట్టావు. ఏ పురోహితుడూ చెప్పకుండా నీకు నువ్వే కల్పించుకున్న కర్మ అది. నాలుగోసారి ఎందుకు ఆగావు? చేతిలో డబ్బులు లేకనా? ఆ డబ్బుతో పిల్లవాడికి మందు కొన్నావా? దుకాణం దాకా వెళ్లి తిరిగి వచ్చావా? నీ కథంతా ఆ దుకాణం గడప దగ్గర నిలబడి ఉంటే, దాన్ని మూడు ముక్కల్లో దాటేసి ఎండ కోసం వెతుక్కున్నావు.

దుఃఖం గురించి రాసేవాళ్లు లెక్కలు రాయాలి. ఈ మాట ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను, వినేవాళ్లు తక్కువ. రూపాయలు, కిలోలు, రోజులు రాయాలి. ఎవరికి ఎంత బాకీ ఉంది, ఎవరు వదిలేశారు, ఎవరు వదల్లేదు అన్నీ రాయాలి. మగదిక్కు పోయిన ఇంట్లో పాడె లేవకముందే వాకిట్లో ఎవరో ఒకరు "అప్పులేమైనా ఉన్నాయా" అని గొంతు తగ్గించి అడుగుతారు. మీ ఇంట్లోనూ అడిగే ఉంటారు. ఆ ప్రశ్న నీ ఇరవై రెండు పేజీల్లో ఎక్కడా లేదు.

నువ్వు "విశ్వాసం" అనే మాటను పద్నాలుగు చోట్ల వాడావు, వేలు పెట్టి లెక్కపెట్టాను. దాన్ని తీసేసి "నమ్మకం" అని పెట్టి చదువుకో. దేవుడి మీద ఉండేదీ నమ్మకమే, కిరాణా దుకాణంలో అరువు పుట్టించేదీ నమ్మకమే. మన భాషలో రెండింటికీ ఒకటే మాట. ఆ మాట పెట్టగానే నీ వాక్యం నిన్ను అడగడం మొదలుపెడుతుంది: నిన్ను ఎవరు నమ్మారు? ఎంతకు నమ్మారు?

నా సంగతి చెబుతాను. 1991 నవంబరు, పత్తి మార్కెట్‌కు వచ్చే రోజులు. మా ఆయన వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో, అంటే రైతుల పంటను కమీషన్ మీద అమ్మిపెట్టే చోట, గుమాస్తా. పరకాల వైపు నుంచి రాత్రిపూట బస్తాల లారీ మీద కూర్చుని వస్తుంటే లారీ బోల్తా పడింది. నాకు అప్పుడు ఇరవై ఏడేళ్లు. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఇంకా నడక రాలేదు. కొత్తవాడలో కిరాయి ఇల్లు.

పదకొండో రోజు అయిన మర్నాడు ఇంట్లో ఉప్పు నిండుకుంది. మూలమీది దుకాణానికి వెళ్లాను. అప్పటిదాకా ఆ మెట్టు నేను ఎక్కలేదు, ఖాతా ఆయనది. సేటు ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగు పుస్తకం తీశాడు. బాకీ 412 రూపాయల 50 పైసలు. తల వంచుకుని నిలబడ్డాను. ఆ పన్నెండు రోజులూ అందరూ నాకు ఏదో ఒకటి వదిలేస్తూనే ఉన్నారు. పాలవాడు పాల డబ్బులు వద్దన్నాడు, ఇంటివాళ్లు ఒక నెల కిరాయి వద్దన్నారు. సేటు కూడా ఆ పేజీ చింపేస్తాడనుకున్నాను. సేటు పేజీ పైనున్న మా ఆయన పేరు మీద ఒక గీత గీశాడు. పక్కనే నా పేరు రాశాడు, ఇంటిపేరుతో సహా. "నెలకు ఎంత కట్టగలవమ్మా?" అన్నాడు. ఇరవై అన్నాను. ఇరవై అని రాసుకుని, ఆ రోజు ఉప్పు కూడా నా పేరు కింద ఎక్కించాడు.

వదిలేసినవాళ్లకు ఈ రోజుకీ రుణపడి ఉన్నాను. కానీ నేను వచ్చే నెల కూడా బతికే ఉంటానని, సంపాదిస్తానని, బాకీ తీరుస్తానని ఆ పన్నెండు రోజుల్లో లెక్క వేసుకున్న మనిషి ఆ సేటు ఒక్కడే. ఇంటికి వచ్చి ఉప్పు డబ్బాలో పోశాను. సాయంత్రం జంపఖానాలు నేసే వాళ్లింటికి వెళ్లి కండెలు చుట్టే పని అడిగాను.

ఫిబ్రవరిలో మేడారం జాతర వచ్చింది. బాబుకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఆయన వాడి ఎత్తు బంగారం మొక్కుకున్నాడని మా అత్తమ్మ చెప్పింది. అక్కడ బంగారమంటే బెల్లమని నీకు నేను చెప్పక్కర్లేదు. ఏడాది తిరగనిదే వెళ్లకూడదని వాడకట్టులో అందరూ అన్నారు. "బాకీ పడ్డవాడు పోతే బాకీ పోతుందా?" అంది అత్తమ్మ, అంతకుమించి ఎవరితోనూ వాదించలేదు.

బాబును తీసుకుని అదే దుకాణానికి వెళ్లాం. బియ్యం బస్తాలు తూచే పెద్ద కాటా పళ్లెంలో సేటు వాడిని కూర్చోబెట్టాడు. వాడు గొలుసులు రెండు చేతులతో పట్టుకుని కాళ్లు ఊపుతూ నవ్వుతున్నాడు. పళ్లెం ఊగుతుంటే ముల్లు నిలవడం లేదు. "కదలకురా, అమ్మవారికి దొంగ తూకం ఇస్తావా" అని కసిరాడు సేటు. వాడు ఊపిరి బిగబట్టాడు. పద్నాలుగు కిలోలు. కిలో ఏడు రూపాయల లెక్కన తొంభై ఎనిమిది, నా పేరు కింద. తూకం అయ్యాక సేటు డబ్బాలోంచి పిడికెడు బెల్లం ముక్క తీసి సంచిలో వేశాడు. "కొసరు," అన్నాడు. దాన్ని మాత్రం ఖాతాలో రాయలేదు.

మేడారంలో అమ్మవార్ల గద్దెల దగ్గర తోపులాటలో ముఖం కూడా తెలియని ఒక ముసలామె కుంకుమ చేత్తో పట్టుకుని, వచ్చిన వాళ్లకు వచ్చినట్టు నుదుట పెడుతోంది. నాకూ పెట్టింది. మా అత్తమ్మ చూసింది. తుడవమనలేదు. ములుగు దాటేదాకా అది నా నుదుటి మీదే ఉంది.

ఈ సంగతి 1996లో కథగా రాసి ఒక వారపత్రికకు పంపాను. అచ్చయింది. బొట్టు ఉంచారు, బెల్లం తీసేశారు. కాటా లేదు, సేటు లేడు, 412 రూపాయల 50 పైసలు లేవు. ఆఖరున నేను రాయని సూర్యోదయం ఒకటి వచ్చి చేరింది. ఉత్తరం రాసి అడిగితే, దుఃఖం మధ్యలో కిరాణా లెక్కలు పాఠకుడికి వెగటు పుట్టిస్తాయని సంపాదకుడు జవాబిచ్చాడు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ కథను అత్తమ్మకు చదివి వినిపించలేకపోయాను. బెల్లం లేకుండా బొట్టు మాత్రం పెట్టుకున్న కోడలిగా ఆమె ముందు ఎలా నిలబడను? ఆ తర్వాత గాలి మారింది. భర్త పోయిన ఆడది ఆఖరున పిడికిలి ఎత్తాలన్నారు. ఇప్పుడు ఫోన్లలో ధీరవనితల కథలు తిరుగుతున్నాయి, వెనక వేణువు వినిపిస్తూ. పిడికిలికీ, వేణువుకీ కూడా లెక్కల పుస్తకం అడ్డమే.

అందుకే నీ మీద కోపం వచ్చింది. నీ దగ్గర లెక్కలన్నీ ఉండి దాచిపెట్టావు.

"ఆకాశం విరిగిపడినట్టు వాన" అని రాశావు. 2023 జూలై 27 ఉదయానికి మీ పక్కనే లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ నీళ్లన్నీ నేల మీద నిలబెడితే మనిషి మోకాళ్లు దాటి తొడల దాకా వస్తాయి. ఆ అంకె రాస్తే ఆకాశాన్ని విరవక్కర్లేదు. ఆ రోజే జంపన్నవాగు కొండాయి మీద పడి ఎనిమిది మందిని తీసుకుపోయింది. జాతరకు సమ్మక్క అల్లుడు గోవిందరాజును తీసుకువచ్చేది ఆ కొండాయి నుంచే. నువ్వు ఆ నేల మీద పుట్టి, దేవుడు అనగానే క్యాలెండర్లో బొమ్మను రాశావు. నీ చుట్టుపక్కల ఎవరున్నారో చూడు. కాకతీయుల సేనతో జరిగిన పోరులో సమ్మక్క మొగుడు పగిడిద్దరాజు పోయాడు, బిడ్డ పోయింది, అల్లుడు పోయాడు, కొడుకు వాగులో దూకాడు. సమ్మక్క ఆ తర్వాత కూడా కత్తి దించలేదు. చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది, వెతికినవాళ్లకు కుంకుమ భరిణె దొరికింది. మొగుడు పోయిన ఆ తల్లిని కోటి మంది కుంకుమ భరిణె రూపంలో మొక్కుతున్నారు. నీ పదో రోజున నీ బొట్టు తీసిన ఆడవాళ్లు కూడా మొక్కుతారు. ఆ రోజు గురించి నువ్వు "తంతు ముగిసింది" అని రాశావు. ఎవరు తీశారు? తీసేటప్పుడు ఆమె నీ కళ్లలోకి చూసిందా?

పదహారో పేజీలో "ప్రభుత్వం ఆదుకుంది" అన్నావు. ఎలా? విపత్తు సాయం కింద నాలుగు లక్షలు వచ్చాయా? వాటి కోసం పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం చేత పట్టుకుని ఎన్నిసార్లు తిరిగావు? మూడు కాగితాల్లో ఆయన పేరు మూడు రకాలుగా పడిందా? రైతుబీమా అయిదు లక్షలు పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లకే వర్తిస్తుంది. నువ్వు "మామగారి పొలం" అని రాశావు కాబట్టి నీకు రాలేదని నాకు అర్థమైంది. దున్నింది నీ భర్త, పాసుపుస్తకం మామగారిది. కొడుకు బతికుండగా రెండెకరాలైనా రాసి ఇవ్వలేదే అని ఆ పెద్దాయన రాత్రిళ్లు వసారాలో ఎలా పొర్లి ఉంటాడు? ఆ మనిషికి నువ్వు పొద్దున్నే టీ గ్లాసు ఎలా అందించావు? ఇది రాస్తే ఇంట్లో గొడవవుతుందని భయపడ్డావేమో. ధైర్యం అని అన్నిసార్లు రాశావు కదా, అది కావలసింది ఇక్కడే. నెలకు 2,016 రూపాయల పింఛను కోసం మొదటిసారి పోస్టాఫీసు దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు నీ ముందూ వెనకా ఉన్నది మీ అమ్మమ్మ వయసు వాళ్లే అయి ఉంటారు. వాళ్లు నిన్ను చూసి ఏమన్నారు?

మాండలికంలో రాయాలా అని అడిగావు. మీ అత్తను మీ అత్తలా మాట్లాడనివ్వు, చాలు. ఏ పత్రికకు పంపాలన్న మాట ఇప్పుడు వద్దు.

మా సేటు పోయి పద్దెనిమిదేళ్లయింది. బాకీ నేను 1993 ఆగస్టులో తీర్చాను. ఆయన ఆ పేజీ కింద రెండు గీతలు గీసి, పుస్తకం నా వైపు తిప్పి చూపించాడు. తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ దుకాణంలో నగదు ఇవ్వగలిగిన రోజుల్లో కూడా కావాలనే అరువుకు తెచ్చుకున్నాను.

నువ్వు ఆఖరి పేజీ చింపెయ్యి. పదకొండో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఆ రీచార్జి ఎంతకు చేయించావో, ఎవరి దుకాణంలో చేయించావో రాయి. మూడోసారి వెళ్లినప్పుడు ఆ దుకాణం అబ్బాయికి అది ఎవరి నంబరో తెలిసి ఉంటుంది, మీది చిన్న ఊరు. తెలిసీ డబ్బులు తీసుకున్నాడా? చిల్లర తిరిగి ఇచ్చాడా? ముందు ఆ ఒక్క పేజీ పంపు. ఎదురుచూస్తుంటాను.

మీ అమ్మ వయసు మనిషి