ముసలి బ్యాండ్ కచేరీకి డబ్బు తగలేయాలా?

ప్రశ్న ఇది: "ఎనభైల నాటి ఇంగ్లీషు బ్యాండ్‌లు ఇంకా ఖరీదైన టిక్కెట్లు పెట్టి కచేరీలు చేస్తున్నాయి. అరవై దాటాక గొంతు ఏం బాగుంటుంది? యూట్యూబ్‌లో పాత వీడియోలు చూసుకుంటే సరిపోదా?"

సరిపోదు. అడిగినవాళ్లు పాతికేళ్లలోపు వాళ్లయినా అయ్యుండాలి, టిక్కెట్టు రేటు చూసి గుండె జారి ఇక్కడికి వచ్చినవాళ్లయినా అయ్యుండాలి. రెండో రకమైతే నా సానుభూతి మీకే. మొదటి రకమైతే కాస్త ఓపిగ్గా చదవండి.

నేను మాట్లాడగలిగేది ఒక్క బ్యాండ్ గురించే, డురాన్ డురాన్. న్యూ వేవ్ (ఎనభైల నాటి ఇంగ్లీషు పాప్ ధోరణి, వీళ్లు ఆ బాపతే) అనగానే చాలామందికి రంగు వేసిన జుట్టు, మొహానికి మేకప్ గుర్తొస్తాయి. వీళ్లకి ఆ రెండూ దండిగా ఉండేవి. అందుకే "అందగాళ్ల బ్యాండ్" అని తీసిపారేస్తారు. ఆ మాట వింటే నాకు ముప్పై ఏళ్లుగా మంట.

1993లో మాది విజయవాడ, సత్యనారాయణపురం. నేను ఇంటర్. మా కేబుల్ ఆయన వేసే అరడజను ఛానళ్లలో ఎంటీవీ ఒకటి. అందులో "ఆర్డినరీ వరల్డ్" అనే పాట రోజుకి రెండు మూడుసార్లు వచ్చేది. ఎంసెట్ పుస్తకం ఒళ్లో పెట్టుకుని, సౌండ్ బాగా తగ్గించి చూసేవాణ్ణి. సగం మాటలు అర్థమయ్యేవి కాదు. ఒకరోజు వాళ్లదే పాత పాట "సేవ్ ఎ ప్రేయర్" వేశారు. పెద్ద రాతికొండ, శిథిలాలు, బుద్ధుడి విగ్రహాలు. మా నాన్న అటుగా పోతూ ఆగి, "ఏరా, ఇది మన నాగార్జునకొండ కాదూ?" అన్నారు. కాదు, శ్రీలంక. ఆ కొండ సిగిరియా, విగ్రహాలు పొలొన్నరువవి. ఆ సంగతి నాకూ చాలా ఏళ్ల తర్వాతే తెలిసింది. 1982లో దర్శకుడు రసెల్ మల్కాహీతో కలిసి అక్కడికి వెళ్లి మూడు పాటలు తీసుకొచ్చారు. మా నాన్నకి మాత్రం చివరిదాకా అది నాగార్జునకొండే.

చరిత్ర కావాలంటే నాలుగు ముక్కల్లో చెప్తాను. 1978లో బర్మింగ్‌హామ్‌లో ఇద్దరు స్నేహితులు, కీబోర్డు నిక్ రోడ్స్, బేస్ గిటార్ జాన్ టేలర్, మొదలుపెట్టారు. రమ్ రన్నర్ అనే నైట్ క్లబ్ వాళ్ల అడ్డా. అక్కడే రికార్డులు వేస్తూ, గ్లాసులు ఏరుతూ, వంట చేస్తూ ప్రాక్టీసు చేసుకున్నారు. పాడే సైమన్ లె బాన్ 1980లో చిరుతపులి మచ్చల గులాబీ ప్యాంటు వేసుకుని ఆడిషన్‌కి వచ్చాడట. 1981లో మొదటి ఆల్బమ్, మరుసటి ఏడాది "రియో". 1984లో "ది రిఫ్లెక్స్" అటు బ్రిటన్‌లో, ఇటు అమెరికాలో నంబర్ వన్. 1985లో జేమ్స్ బాండ్ సినిమాకి పాట చేస్తే అదీ అమెరికాలో నంబర్ వన్. బాండ్ పాటల్లో ఆ ఘనత దానికొక్కదానికే దక్కింది.

ఇక యూట్యూబ్ సంగతి. పాత వీడియోలు చాలంటున్నారు కదా, 1985 జులై 13 నాటి లైవ్ ఎయిడ్ అనే విరాళాల కచేరీ వీడియో తెరవండి. ఫిలడెల్ఫియా స్టేడియం, ప్రపంచమంతా టీవీల ముందు కూర్చుంది. ఆ బాండ్ పాట చివర్లో సైమన్ పైకి ఎత్తబోయాడు, గొంతు పుటుక్కుమని పగిలింది. నలభై ఏళ్లవుతున్నా జనం దాన్ని వదల్లేదు. మీరు యవ్వనం అనుకుంటున్నది అది! ఇరవై ఆరేళ్ల గొంతు. ఆ రోజు తర్వాత బ్యాండ్‌లోని ఐదుగురూ మళ్లీ ఒకే వేదిక ఎక్కడానికి 2003 దాకా పట్టింది. మధ్యలో ముగ్గురు వెళ్లిపోయారు, ఆల్బమ్‌లు పడ్డాయి లేచాయి. 2011లో సైమన్‌కి పైస్వరాలు పలకడం మానేస్తే యూరప్ కచేరీలు ఆపుకుని, నెలల తరబడి గొంతుకి మళ్లీ సాధన చేయించుకుని తిరిగొచ్చాడు. అరవైలో ఉన్న గాయకుడికి తన గొంతు ఎక్కడ మొరాయిస్తుందో తెలుసు. ఇరవై ఆరులో తెలియదు. తేడా అంతే, నన్నడిగితే.

నేను వాళ్లని చూసింది 2022 సెప్టెంబరులో, లాస్ ఏంజెలెస్ హాలీవుడ్ బౌల్‌లో. టిక్కెట్టు కొన్న సైటు పేరు చెప్పను గానీ, మొదటి పేజీలో ఒక రేటు, చివరి పేజీలో ఇంకో రేటు. మధ్యలో "సర్వీసు", "సౌకర్యం", ఇంకేదో ఫీజు. సౌకర్యం ఎవరికో వాళ్లే చెప్పాలి. క్యూలో నలభై నిమిషాలు చక్రం తిరిగి, తీరా సీట్లు ఎంచుకున్నాక లాగౌట్ చేసి పారేసింది. రెండోసారికి అవే సీట్లు పదిహేను డాలర్లు పెరిగాయి. తిట్టుకుంటూనే కొన్నాను.

మా ఆవిడకి ఈ బ్యాండ్ పేరు కూడా తెలియదు. "డురాన్ డురానా? రెండుసార్లు ఎందుకు?" అంది. "పాత సినిమాలో ఒక పాత్ర పేరు" అంటే, "సినిమా పేరు పెట్టుకున్నవాళ్ల పాట నేను వినాలా" అంది. కానీ అక్కడికి తిండి తీసుకెళ్లొచ్చని తెలియగానే ఉత్సాహం వచ్చింది. స్టీలు డబ్బా నిండా పులిహోర, ఇంకో డబ్బాలో గారెలు. కొండ వాలులో మెట్లు మెట్లుగా చెక్క బెంచీలు, కింద తెల్లటి గవ్వలాంటి వేదిక. అందరూ జున్ను ముక్కలూ ద్రాక్షపళ్లూ తింటుంటే, మా బెంచీ నుంచి ఇంగువ పోపు వాసన మూడు వరుసల దాకా వెళ్లింది. నేను సిగ్గుతో కుంచించుకుపోయాను. ఆవిడ ఏమాత్రం చలించలేదు.

మా పక్కన యాభై ఐదేళ్లు ఉంటాయేమో, ఒక అమెరికనావిడ కూర్చుంది. ఒంటరిగా వచ్చింది. వెలిసిపోయిన టూర్ టీషర్టు వేసుకుంది, దాని మీద 1984 అన్న అంకె సగం చెరిగిపోయింది. ముందు వాసన అడిగింది, తర్వాత రుచి అడిగింది, ఆ తర్వాత తనే డబ్బా మూతలో పెట్టించుకుని వేరుశనగ గింజలు ఏరుకుని మరీ తింది. అమెరికన్ గిటారిస్టు నైల్ రోజర్స్ తన షీక్ బృందంతో ముందు ఒక గంట వాయించి వెళ్లేసరికి మా ఆవిడా, ఆ అమెరికనావిడా పిల్లల చదువుల్లోకి వెళ్లిపోయారు. అప్పుడు నేను అడిగాను: "1984లో ఎలా ఉంది?"

"నాకు తెలియదు," అంది ఆవిడ. "ఒక్క పాట కూడా వినలేదు. హాల్లో పదిహేనేళ్ల ఆడపిల్లలమే. మొదటి నిమిషం నుంచి చివరిదాకా అరుస్తూనే ఉన్నాం. ఇంటికి వెళ్లాక మా అక్క ఏం పాడారే అంటే చెప్పలేకపోయాను. ఈ రోజు వినడానికి వచ్చాను."

మీ ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడే ఉంది. నేను ఇంకేం రాయకపోయినా ఫర్వాలేదు. రాస్తాననుకోండి.

ఆ రాత్రి నాకు బాగా పట్టుకున్నది జాన్ టేలర్ బేస్. మనలో చాలామందికి పాటలో బేస్ గిటార్ ఉందని కూడా తెలియదు. ఇళయరాజా పాటలు హెడ్‌ఫోన్స్‌లో విన్నవాళ్లకి మాత్రం తెలుసు, కింద ఇంకో పాట నడుస్తుంటుందని. "రియో" పాటలో అచ్చం అదే జరుగుతుంది. పైన సైమన్ ఒక పాట పాడుతుంటే, కింద ఆ నాలుగు తీగలు గెంతుతూ ఎక్కుతూ దిగుతూ వేరే పాట పాడతాయి. నా ఫోన్‌లో అది చెవికి వినపడేది. అక్కడ చెక్క బెంచీ లోంచి వెన్నులోకి ఎక్కింది. మా ఆవిడ చేతిలో స్టీలు డబ్బా మూత సన్నగా అదురుతోంది. తను మూత మీద అరచెయ్యి పెట్టి ఆపింది, తీసింది, మళ్లీ పెట్టింది. ఆ వీడియో యూట్యూబ్‌లో దొరకదు.

సైమన్ గొంతు? నిజం చెప్పాలంటే రెండు మూడు చోట్ల పైస్వరాలు జనానికి వదిలేశాడు. మైకు మా వైపు తిప్పాడు, మేం అందుకున్నాం. దాన్ని మోసం అనేవాళ్లున్నారు. భజనలో అందరూ అందుకుంటే మోసం అంటామా?

మోసం సంగతి వచ్చింది కాబట్టి నా కడుపు మంట ఒకటి చెప్పాలి. ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ల సభలకి కూడా వెళ్తుంటాను. ఎనిమిదింటికి పాట అంటారు. పదిన్నర దాకా శాలువాలు. కప్పినవాడికి ఇంకొకడు కప్పుతాడు. తీరా గాయకుడు వచ్చాక ల్యాప్‌టాప్ లోంచి ట్రాక్ వేస్తారు, డ్రమ్ముల దగ్గర కుర్రాడు ఊరికే చేతులు ఊపుతుంటాడు. పాట అయిపోయినా డ్రమ్ము మోగడం నేను కళ్లారా చూశాను. ఇదే 2022 నవంబరులో డురాన్ డురాన్‌ని రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో (రాక్ సంగీతకారులకి అమెరికాలో ఇచ్చే పెద్ద గౌరవం) చేర్చినప్పుడు, మొదటి పాటకే సౌండ్ పోయింది. అంత పెద్ద సభలో! సైమన్ నవ్వేసి, మేం పెదాలు కదిపే బాపతు కాదని రుజువైందిగా అన్నట్టు మాట్లాడి, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. ఆ ఒక్క ముక్క కోసం ఆ వీడియో ఇప్పటికి పదిసార్లు చూసుంటాను. అదే సభలో, రాలేకపోయిన పాత గిటారిస్టు ఆండీ టేలర్ ఉత్తరం చదివారు. ప్రోస్టేట్ క్యాన్సర్, నాలుగో దశ. అది రెండోసారి చూడలేకపోయాను.

ఇంకో ఫిర్యాదు ప్రేక్షకుల మీద. 2021లో వచ్చిన "ఫ్యూచర్ పాస్ట్" ఆల్బమ్ లోంచి కొత్త పాట ఎత్తుకోగానే సగం బెంచీలు ఖాళీ. అందరూ బీరుకి పోయారు. నలభై ఏళ్లు దాటినా కొత్త పాటలు కడుతున్నవాళ్లకి మనం ఇచ్చే మర్యాద ఇదా? మా పక్కావిడ మాత్రం కదల్లేదు. వినడానికి వచ్చానని చెప్పింది కదా.

చివర్లో "సేవ్ ఎ ప్రేయర్" మొదలైంది. ఒకప్పుడు ఈ పాటకి లైటర్లు వెలిగించేవారట, ఇప్పుడు ఫోన్లు. కొండంతా చిన్న చిన్న దీపాలు. నేనూ ఫోన్ పైకెత్తాను గానీ, కళ్ల ముందు మా ఇంటి టీవీ, గుమ్మంలో ఆగిపోయిన మా నాన్న. ఆయన పోయి అప్పటికి నాలుగేళ్లు. మా ఆవిడ నా మొహం చూసి ఏమీ అడగలేదు, తన చున్నీ అంచు ఇచ్చింది.

కాబట్టి డబ్బు ఉంటే వెళ్లండి. వెనక సీటు చాలు, ముందు సీట్లకి ఆస్తులు రాయక్కర్లేదు. స్వెటర్ తీసుకెళ్లండి, ఆ కొండల్లో రాత్రి చలేస్తుంది.

తిరుగు బస్సులో మా ఆవిడ ఖాళీ డబ్బాలు సంచిలో సర్దుతూ అడిగింది: "ఆ బేస్ అతనూ, డ్రమ్ముల అతనూ ఇద్దరూ టేలర్లేనా?" అవునన్నాను. బ్యాండ్ వదిలేసిన మూడో ఆయన కూడా టేలరేనని చెప్పాను.

"అన్నదమ్ములు ఇన్నేళ్లు కలిసి పని చేశారంటే గొప్పేనండీ. మా పెదనాన్న వాళ్లు రైసు మిల్లు రెండేళ్లు కూడా నడపలేకపోయారు" అంది.

ఆ ముగ్గురికీ చుట్టరికమే లేదని చెప్పడానికి నాకు వారం పట్టింది.