హీరో తాగమన్న పౌడర్, కొడుక్కి షుగర్: కేసు ఎవరి మీద వేయాలి?

ప్రశ్న: మాది చిక్కడపల్లి. బాబుకి పదకొండేళ్ళు, ఆరో తరగతి. వాడికి ఒక పెద్ద హీరో అంటే పిచ్చి. ఆయన టీవీ యాడ్‌లో పాలలో పౌడర్ కలుపుకుని తాగి, 'రోజుకి రెండు గ్లాసులు, ఆరు నెలల్లో ఎత్తూ పెరుగుతావు, మార్కులూ పెరుగుతాయి' అంటాడు. ఆ డబ్బానే కావాలని వీడు అన్నం మానేసి ఏడిస్తే కొనేదాన్ని. నాలుగేళ్ళు నా చేత్తోనే కలిపి ఇచ్చాను, చప్పగా ఉందంటే ఇంకో రెండు చెంచాలు పంచదార కూడా వేసేదాన్ని. చివరి డబ్బా కిందటి దసరా సెలవుల్లో కొన్నాం. ఈ సంక్రాంతి తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళితే బరువు బాగా ఎక్కువుంది, షుగర్ బార్డర్‌లో ఉంది, ఆ పౌడర్ మానేయండి అన్నారు. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. మా ఆయన, అత్తగారు నన్నే అంటున్నారు. కోట్లు తీసుకుని పిల్లల్ని ఇలా చేసిన ఆ హీరోని జైలుకి పంపాలి, యాభై లక్షలు నష్టపరిహారం రావాలి. బిల్లులు లేవు, ఒకటి రెండుసార్లు మాత్రం యాప్‌లో తెప్పించాం. మా వీధి కొట్టాయన పాత తేదీలతో బిల్లులు రాసిస్తానంటున్నాడు. సగం వాడిన డబ్బా ఇంట్లో ఉంది, ల్యాబ్‌కి పంపమంటారా?

జవాబు: చూడమ్మా, పైన కుదించి వేశాను గానీ మీ ఉత్తరం చాలా పెద్దది. అందులో సగానికి పైగా హీరో గురించి, మిగతాది మీ అత్తగారి గురించి. కేసుకి పనికొచ్చే వాక్యాలు మూడో నాలుగో ఉన్నాయి. వాటిల్లో ఒకటి మీ కేసుని నిలబెట్టేది, ఒకటి కూలగొట్టేది. కూలగొట్టేదాని సంగతి ముందు చూద్దాం.

'ఇంకో రెండు చెంచాలు పంచదార.' పిల్లాడికి షుగర్ ఈ పౌడర్ వల్లే వచ్చిందని మీరు కంప్లైంట్‌లో రాసిన రోజున కంపెనీ లాయరుకి ఇంకేమీ అక్కర్లేదు. మీరు కలిపిన పంచదార ఎంత, మా పౌడర్‌లో ఉన్నదెంత, పిల్లాడు బయట తిన్న బిస్కెట్లూ ఐస్‌క్రీములూ ఎంత, ఇందులో ఏది వాడికి షుగర్ తెచ్చిందో విడదీసి చెప్పండమ్మా అంటాడు. మీరు కాదు, మీ డాక్టరు కూడా చెప్పలేరు. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార సూచనల్లో చక్కెర రోజుకి 25 గ్రాములు దాటొద్దని ఉంది. రెండు గ్లాసుల్లో రెండేసి చెంచాలంటే మీ వంటింటి పంచదారే దాదాపు 20 గ్రాములు. పైగా వస్తువుని కొన్నవాళ్ళు మార్చి వాడితే వచ్చే నష్టానికి అమ్మినవాళ్ళు బాధ్యత తప్పించుకునే దారి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్‌లో ఉంది. డాక్టరు మానేయమన్నది నోటిమాటేగా? మీరు పంపిన చీటీలో బరువు, రక్తపరీక్ష, 'ఆహారపు అలవాట్లు మార్చాలి' అనే ఉన్నాయి. పౌడర్ పేరు ఎక్కడా లేదు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ డబ్బా తిప్పి వెనక చూడలేదా? 100 గ్రాములకి చక్కెర ఎంతో మీరే తీసి పంపిన ఫొటోలో కనిపిస్తోంది. డిగ్రీ చదివానని మీరే రాశారు. వినియోగదారుల కమిషన్‌లో ఈ ప్రశ్న నాకన్నా కఠినంగా అడుగుతారు, జవాబు ఇప్పట్నుంచే సిద్ధం చేసుకోండి.

ఇక నిలబెట్టే వాక్యం. అది హీరో నోటి నుంచి వచ్చిందే, 'ఆరు నెలల్లో ఎత్తూ పెరుగుతావు, మార్కులూ పెరుగుతాయి.' ఆయన అభిమానులకి ఆయన ముఖం ముఖ్యం కావచ్చు, కేసుకి ఈ మాట ముఖ్యం. 'నాలా పులిలా ఉండు' అని ఉంటే అది ఉత్త గొప్పలు, దాన్ని ఏ కమిషనూ పట్టించుకోదు. కానీ ఆరు నెలలు అని గడువు పెట్టి, ఎత్తు, మార్కులు అని కొలిచి చూడగలిగే ఫలితం చెప్పారు. వస్తువు ఇలా పనిచేస్తుందని సరైన పరీక్ష ఏదీ లేకుండా జనానికి హామీ ఇవ్వడం 2019 చట్టం సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్ష చేశామని కంపెనీ అంటే, ఆ పరీక్ష చేసినట్టు రుజువు చేసే భారం కంపెనీ మీదే అని కూడా అదే సెక్షన్ చెబుతోంది. మొత్తం కేసు ఇక్కడ తిరుగుతుంది. 'మా బాబుకి జబ్బు చేసింది' అని వెళితే రుజువు భారం మీ నెత్తిన, మీరు మోయలేరు. 'ఎత్తు, మార్కులు పెరుగుతాయన్నారు, ఏ పరీక్ష చేసి అన్నారో చూపించండి' అని వెళితే భారం వాళ్ళ నెత్తిన. తేడా అర్థమైందా? కాబట్టి కంప్లైంట్‌లో జబ్బు ఊసు ఒక పేరాకి మించకూడదు, అది కూడా మీ మానసిక వేదనకి నేపథ్యంగానే.

దీనికి 2022 జూన్‌లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు తోడొస్తాయి. పిల్లల్ని ఉద్దేశించిన యాడ్‌లో శాస్త్రీయ ఆధారం లేకుండా తెలివి పెరుగుతుంది, శరీర సామర్థ్యం పెరుగుతుంది అనకూడదని అందులో ఉంది. ఇంకొక చిన్న సంగతి మీరు గమనించలేదు, మీరు పంపిన వీడియో ఆపి చూస్తే కనబడింది. హీరో తెలుగులో మాట్లాడుతుంటే తెర అడుగున చీమల బారులాంటి ఇంగ్లీషు అక్షరాలు వచ్చి రెండు సెకన్లలో పోతాయి, సమతుల ఆహారంతో పాటు తీసుకుంటేనే అని. హామీ ఏ భాషలో ఇస్తే షరతు కూడా ఆ భాషలోనే, అదే అక్షరాల తీరులో ఉండాలని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ రెండు సెకన్లు మీకు ఏ ల్యాబ్ రిపోర్టు కన్నా ఎక్కువ.

అందుకే ఆ యాడ్ ఇప్పుడే భద్రం చేయండి. మీరు పంపింది ఎవరో వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసిన ముక్క, అది చాలదు. కంపెనీ సొంత చానల్లో ఇంకా ఉంటే అక్కడి నుంచి, లింకు, తేదీ, చానల్ పేరు కనబడేలా మొదటి నుంచి చివరి దాకా స్క్రీన్ రికార్డ్ చేయండి. నోటీసు అందిన మర్నాడు అది అక్కడ ఉండదనుకుని పని చేయండి. ఆ ఫోను అమ్మొద్దు, రీసెట్ చేయొద్దు. ఎలక్ట్రానిక్ రికార్డుకి భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. వినియోగదారుల కమిషన్లు సాక్ష్య చట్టం విషయంలో మరీ పట్టుబట్టవు గానీ, ఉంటే ఎదుటివాళ్ళ నోటికి తాళం పడుతుంది.

బిల్లుల సంగతి. ఈ ఒక్కటీ చెవిన పెట్టండి, కొట్టాయన రాసిస్తానన్న పాత తేదీల బిల్లు ఒక్కటి కూడా ముట్టుకోకండి. ఒకే పెన్ను, ఒకే చేతిరాత, నాలుగేళ్ళ బిల్లులకి వరసగా నంబర్లు, కాగితం మాత్రం కొత్తగా పెళపెళలాడుతుంది. ఆ కొట్టాయన్ని క్రాస్ ఎగ్జామిన్ చేస్తూ అదే బిల్లు బుక్కులో ముందూ వెనకా కాగితాలు తెమ్మంటే అక్కడితో సరి. కేసు పోవడమే కాదు, దొంగ సాక్ష్యం సృష్టించినందుకు భారతీయ న్యాయ సంహిత 228, 229 సెక్షన్లు మీ మీదికి వస్తాయి. సాయం చేయబోయిన ఆయనా ఇరుక్కుంటాడు. న్యాయంగా గెలవాల్సిన కేసులో మీరే ముద్దాయి అవుతారు. అసలు ఆ అవసరం ఏముంది? యాప్‌లో తెప్పించిన ఆర్డర్ల ఇన్వాయిస్‌లు పాత ఆర్డర్లలోకి వెళితే ఇప్పటికీ దొరుకుతాయి. వస్తువు పేరు, తేదీ, ధర అన్నీ అందులో ఉంటాయి, ఒక్కటి చాలు మీరు వినియోగదారు అని చెప్పడానికి. కొట్టుకి ఫోన్‌పే చేసినవి ఉంటే స్టేట్‌మెంట్ తీయండి. ఏం కొన్నారో అది చెప్పదు, కొన్నారని మాత్రం చెబుతుంది. కొట్టాయనకి అంత అభిమానమే ఉంటే, ఫలానా సంవత్సరాల్లో వీళ్ళు నా దగ్గర ఈ డబ్బా కొనేవాళ్ళు అని అఫిడవిట్ ఇమ్మనండి. నిజం అంతవరకే కదా.

గడువు విషయానికొస్తే, వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం కేసు వేయడానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళు. డాక్టరు చెప్పిన రోజు నుంచి లెక్కపెట్టాలని మనం వాదించొచ్చు, కాదు కొన్న రోజు నుంచి అని వాళ్ళు వాదిస్తారు. వాదనకి చోటివ్వకుండా చివరి డబ్బా కొన్న తేదీనే పట్టుకోండి, అంటే వచ్చే ఏడాది దసరా దాకా. నాలుగేళ్ళ కిందటి డబ్బాల డబ్బులు మర్చిపోండి. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ, రోజూ టీవీ చూస్తూ కూర్చుని ఎందుకు రాలేదంటే చెప్పడానికి మీ దగ్గర ఏమీ లేదు. ఆహార భద్రత చట్టం కింద తప్పుడు ప్రకటనకి 10 లక్షల దాకా జరిమానా ఉంది. అధికారులకి ఫిర్యాదు చేయాలంటే ఇంకా తొందరపడాలి, ఆ చట్టంలో గడువు మామూలుగా ఏడాదే, ఆహార భద్రత కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తే మూడేళ్ళ దాకా.

ఇప్పుడు హీరో. జైలు మాట మానేయండి. తప్పుడు ప్రకటనకి రెండేళ్ళ జైలు వినియోగదారుల రక్షణ చట్టం 89వ సెక్షన్‌లో ఉంది, కానీ అది తయారీదారుకి, సేవలు అందించేవాళ్ళకి. ప్రచారం చేసినవాళ్ళకి కాదు. ఆ కేసు కూడా సీసీపీఏ, అంటే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ, వేస్తేనే కోర్టు తీసుకుంటుంది. మీరు పోలీస్ స్టేషన్ మెట్లెక్కి ప్రయోజనం లేదు. ప్రచారం చేసినవాళ్ళకి 21వ సెక్షన్ కింద ఆ సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్ళీ చేస్తే 50 లక్షలు, ఏడాది పాటు ఏ యాడ్‌లోనూ కనబడకుండా నిషేధించొచ్చు, మళ్ళీ చేస్తే మూడేళ్ళు. అయితే ఆ జరిమానాలో మీకు రూపాయి రాదు, ప్రభుత్వానికి పోతుంది. పైగా ఒప్పుకునేముందు కంపెనీ చెప్పింది నిజమో కాదో తగినంత జాగ్రత్తగా విచారించానని చూపిస్తే ఆయన బయటపడతాడు. 2024 మే 7న సుప్రీంకోర్టు తప్పుదోవ పట్టించే యాడ్లలో సెలబ్రిటీలకీ సమాన బాధ్యత ఉంటుందన్నది నిజమే, టీవీల్లో వచ్చింది ఆ ముక్కే. విచారించానన్న కాగితాలు చూపించేవాడికి తప్పించుకునే దారి మాత్రం చట్టంలో అలాగే ఉంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి వచ్చిన మన పుల్లెల గోపీచంద్ కూల్‌డ్రింక్ యాడ్ వద్దనుకున్నారు, అది ఆయన సంస్కారం. అంత సంస్కారం ఉండాలని చట్టం అడగదు.

హీరోని మీ కేసులో పార్టీగా చేర్చొచ్చా అంటే, వాదించొచ్చు. కానీ ఆయన్ని చేరిస్తే ముందు ఆయన పేరు తీసేయాలన్న పిటిషన్ పడుతుంది, అది తేలేసరికి మీ అబ్బాయి ఇంటర్‌లో ఉంటాడు. 2015లో మ్యాగీ గొడవ గుర్తుందిగా? బీహార్‌లోని ముజఫర్‌పూర్ కోర్టు అమితాబ్ బచ్చన్, మాధురీ దీక్షిత్, ప్రీతి జింటాల మీద ఎఫ్ఐఆర్ పెట్టమంటే దేశమంతా అదే చర్చ. ఆ ఆగస్టులోనే బాంబే హైకోర్టు మ్యాగీ మీద పెట్టిన నిషేధాన్ని కొట్టేసింది. కంపెనీ వాదన వినకుండా నిషేధించారని, పరీక్ష చేసిన ల్యాబులకి చట్ట ప్రకారం ఉండాల్సిన గుర్తింపు లేదని. ఆ కంపెనీ చేత 640 కోట్లు ఇప్పించమని కేంద్ర ప్రభుత్వమే వేసిన కేసు 2024 ఏప్రిల్‌లో జాతీయ కమిషన్‌లో వీగిపోయింది. ప్రభుత్వానికే ల్యాబ్ దగ్గర కాలు జారింది, మీరు మూత తీసిన సగం డబ్బా పట్టుకుని బయల్దేరతానంటున్నారు. దాన్ని ఎక్కడికీ పంపకండి. ప్రభుత్వ ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకునే హక్కు కొన్నవాళ్ళకీ ఉంది, కానీ కొనేటప్పుడే అమ్మేవాడికి ఆ మాట చెప్పాలి. అయినా మన గొడవ పౌడర్‌లో విషం ఉందని కాదుగా. డబ్బాని అలాగే మూతపెట్టి, లేబుల్ చిరగకుండా, బ్యాచ్ నంబరు కనబడేలా ఉంచండి, చాలు.

చేయాల్సింది ఇది. ముందు కంపెనీకి లీగల్ నోటీసు. కన్స్యూమర్ కేసుకి ఇది తప్పనిసరి కాదు, కానీ ఇక్కడ పంపాలి. 'ఆరు నెలల్లో ఎత్తు, మార్కులు అన్న మాటకి ఆధారమైన పరీక్ష ఏది, ఎప్పుడు, ఎవరు, ఎంతమంది పిల్లల మీద చేశారు' అని మాత్రమే అడగండి. తిట్లు వద్దు, యాభై లక్షలు వద్దు, 'ఇవ్వకపోతే టీవీకెక్కుతాం' అసలే వద్దు, ఆ ఒక్క ముక్కతో మీ మీద బెదిరించి డబ్బు గుంజబోయారన్న కేసు పెట్టగలరు. అదే సమయంలో యాడ్ మీద సీసీపీఏకి విడిగా ఫిర్యాదు పెట్టండి, జిల్లా కలెక్టర్‌కి ఇచ్చినా చెల్లుతుంది. హీరో పేరు అందులో రాయండి, ఏం విచారించి ఒప్పుకున్నారో కాగితాలు అడగమని కోరండి. ఆయనకి చెమట పట్టేది అక్కడే.

తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ముంబైలో ఉన్నా గుర్గావ్‌లో ఉన్నా మీరు ఉండేది హైదరాబాద్ కాబట్టి ఇక్కడే, నాంపల్లిలో వేయొచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. మీరు చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. అడగాల్సింది రెండేళ్ళ లోపు కొన్న డబ్బాల ధర, మానసిక వేదనకి నమ్మశక్యమైన మొత్తం, ఖర్చులు, ఆ యాడ్ ఆపేయాలని, తప్పు సరిదిద్దుతూ అదే తెలుగులో అంతే నిడివి ఉన్న ప్రకటన వేయాలని. ఆ చివరిది 39వ సెక్షన్‌లో ఉంది, మన లాయర్లు అడగడమే మర్చిపోతుంటారు. కంపెనీలకి మీ పరిహారం కన్నా అదే ఎక్కువ నొప్పి.

పంచదార విషయం దాచకండి. అఫిడవిట్‌లో మీరే ముందు రాసేయండి, వాళ్ళ చేత బయటపెట్టించుకోవద్దు.

నోటీసులో పదిహేను రోజులు గడువివ్వండి, స్పీడ్ పోస్ట్ రసీదు దాచుకోండి. జవాబు వస్తే బంధువుల గ్రూపులో పెట్టకుండా మీ లాయరుకి చూపించండి. పరీక్ష గురించి వాళ్ళు ఒక్క వాక్యం రాసినా కంప్లైంట్ దాన్ని బట్టి మార్చాలి.