జెన్ కాన్ సంగతి తర్వాత, ముందు ఆ 2,600 డాలర్ల సంగతి చూద్దాం

ప్రశ్న (2021లో వచ్చినది): డాలస్‌లో హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. భార్యది హెచ్-4 (డిపెండెంట్ వీసా), ఉద్యోగం లేదు. బాబుకి ఆరేళ్లు. నాకు బోర్డ్ గేమ్స్ అంటే ప్రాణం. కిందటేడాది కోవిడ్ వల్ల ఆగిపోయిన జెన్ కాన్ (బోర్డ్ గేమ్స్ పెద్ద జాతర) ఈసారి (2021) సెప్టెంబర్ 16 నుంచి 19 దాకా ఇండియానాపోలిస్‌లో జరుగుతోంది. ఇద్దరం వ్యాక్సిన్ వేయించుకున్నాం. ట్రిప్‌కి 1,900 డాలర్లు అవుతుంది. మా నెల ఖర్చు 4,200, బ్యాంకులో 2,600 ఉన్నాయి. కార్డు మీద 3,100 బాకీ, వడ్డీ 22 శాతం. ట్రిప్ కూడా కార్డు మీదే పెట్టి, అక్కడ కొన్న కొత్త గేమ్స్ కొన్ని ఆన్‌లైన్‌లో లాభానికి అమ్మి తీర్చేద్దామనుకుంటున్నాను. లిమిట్ 12,000 ఉంది కాబట్టి ఎమర్జెన్సీకి ఢోకా లేదు కదా?

జవాబు: మీ చివరి వాక్యం కోసమే ఈ జవాబు. నెలనెలా జీతం వస్తున్నంతకాలం కార్డు లిమిట్ సొంత డబ్బులాగే కనిపిస్తుంది. కానీ అది బ్యాంకు దయ. 2020లో లాక్‌డౌన్లు మొదలవగానే అమెరికాలో కార్డు కంపెనీలు చాలామందికి చెప్పాపెట్టకుండా లిమిట్లు కోసేశాయి. సరిగ్గా ఉద్యోగాలు ఊడుతున్న రోజుల్లోనే! పైగా కార్డుతో అద్దె కడితే చాలాచోట్ల ఫీజు పడుతుంది. నగదు తీసుకుంటే వడ్డీ ఆ రోజు నుంచే మొదలు.

మీ 2,600 అంటే 18 రోజుల ఖర్చు. మీ ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం చూసుకోవడానికో, దేశం వదలడానికో హెచ్-1బీ వాళ్లకి దొరికే గడువు మహా అయితే 60 రోజులు. నిరుద్యోగ భృతి మీద ఆశ పెట్టుకోకండి, ఇంట్లో రెండో జీతం లేదు. రెండు నెలల ఖర్చే 8,400. ముగ్గురికీ ఇండియాకి టికెట్లు, లీజు మధ్యలో వదిలేస్తే అపార్ట్‌మెంట్ వాళ్లు వేసే పెనాల్టీ కలిపితే 13,000 లేనిదే గట్టెక్కరు. ముందు 4,200 పోగేయండి, తర్వాత కార్డు బాకీ తీర్చండి, ఆ తర్వాత 13,000 వైపు నడవండి. అప్పటిదాకా సరదా ఖర్చేదీ కార్డు ఎక్కకూడదు. ఇప్పటికే నెలకి 57 డాలర్లు వడ్డీకే పోతోంది. ట్రిప్ కలిపితే 92.

ఇక ట్రిప్ ఖర్చు 1,900తో ఆగుతుందని ఎవరు చెప్పారు? జెన్ కాన్ లోపల అందరికీ మాస్క్ తప్పనిసరి చేశారు గానీ, వ్యాక్సిన్ తప్పనిసరి చేయలేదు. ఒకే టేబుల్ చుట్టూ నలుగురైదుగురు గంటల తరబడి కూర్చునే వ్యవహారం ఇది, బయట కోవిడ్ డెల్టా రకం. అక్కడ పాజిటివ్ వస్తే 2021 నిబంధనల ప్రకారం పది రోజుల ఐసొలేషన్, విమానం ఎక్కకూడదు. రాత్రికి 150 చొప్పున హోటలే 1,500, భోజనం వేరు. కోవిడ్‌కి జీతంతో సెలవు ఇచ్చి తీరాలన్న ఫెడరల్ నిబంధన 2020 డిసెంబర్ 31తోనే పోయింది. మీ ఆఫీసు పాలసీ కనుక్కోండి. హోటల్ గది నలుగురు పంచుకుంటే ఖర్చు తగ్గుతుంది, కానీ ఒకరికి వస్తే నలుగురూ ఇరుక్కుంటారు.

మీ హెల్త్ ప్లాన్ హెచ్ఎంవోనా (మామూలుగా తన నెట్‌వర్క్ ఆస్పత్రులకే డబ్బిచ్చే ప్లాన్), పీపీవోనా (బయటి ఆస్పత్రులకీ కొంత ఇచ్చేది)? టెక్సాస్ హెచ్ఎంవో అయితే ఇండియానాపోలిస్‌లో మామూలుగా ఎమర్జెన్సీకి మాత్రమే కవరేజీ. అది కూడా నెట్‌వర్క్ బయటి ఆస్పత్రి అయితే మిగిలిన బిల్లు 2021 నిబంధనల ప్రకారం మీ మీదికి రావచ్చు. కిందటేడాది కోవిడ్ చికిత్సకి డిడక్టిబుల్ (ముందు మన జేబులోంచి కట్టాల్సిన భాగం) మాఫీ చేసిన ఇన్సూరెన్స్ కంపెనీల్లో చాలా వరకు ఈ ఏడాది మానేశాయి. ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉందిగా అంటారేమో. కేసులు పెరిగాయని భయపడి మానుకుంటే మామూలు పాలసీ పైసా ఇవ్వదు. ఏ కారణానికైనా రద్దు చేసుకునే పాలసీలో సాధారణంగా 50 నుంచి 75 శాతం వెనక్కి వస్తుంది, అదీ మొదటి బుకింగ్ చేసిన రెండు మూడు వారాల్లోపు కొనుంటేనే.

గేమ్స్ అమ్మి అప్పు తీర్చడమా! సముద్ర రవాణా చిక్కుల్లో ఈ ఏడాది ఎన్నో కొత్త గేమ్స్ ఓడల్లోనే ఉండిపోయాయి, అక్కడికి వస్తాయనే నమ్మకం లేదు. వచ్చినా అమ్మకపు సైట్ల కమిషన్ సుమారు 13 శాతం, పోస్టేజీ అదనం. పెద్ద పెట్టె ఒక్కోటి మూడు కిలోలు తూగుతుంది, బ్యాగు 23 కిలోలు దాటితే చాలా ఎయిర్‌లైన్స్‌లో వంద డాలర్ల దాకా వడ్డన. అన్నిటికీ మించి, హెచ్-1బీ మీద ఉండి లాభానికి కొని అమ్మడం అనుమతి లేని పని కిందికి రావచ్చు. ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా ఆ జోలికి పోవద్దు. నాలుగు పెట్టెల కోసం వీసాతో ఆటలా?

కార్డు బాకీని కొంతకాలం సున్నా వడ్డీ ఉండే మరో కార్డుకి మార్చుకోవచ్చు, సాధారణంగా 3 నుంచి 5 శాతం ఫీజు. 401(కె) (ఆఫీసు రిటైర్మెంట్ ఖాతా) లోన్ ఆలోచన మాత్రం వద్దు, ఉద్యోగం పోతే అదీ మెడకి చుట్టుకుంటుంది.

ఈ ఏడాది ఆన్‌లైన్ ఈవెంట్లు ఉన్నాయి, కొన్ని ఊళ్లలో గేమ్ షాపుల్లోనే పాప్-అప్ (చిన్న స్థాయి) జెన్ కాన్ పెడుతున్నారు. మీ దగ్గర్లో ఉందేమో వాకబు చేయండి. లేదు, వెళ్లే తీరతాను అంటే, ఉచితంగా రద్దు చేసుకోగలిగే హోటలే తీసుకోండి. తిరిగొచ్చాక మూడో రోజుకీ ఐదో రోజుకీ మధ్య టెస్ట్ చేయించుకోండి. ఇంట్లో చేసుకునే కిట్ 2021లో రెండు టెస్టులకి 24 డాలర్లు. ఫలితం వచ్చేదాకా బాబుకి దూరంగా పడుకోండి, 2021 సెప్టెంబర్ నాటికి పన్నెండేళ్ల లోపు పిల్లలకి వ్యాక్సిన్ రాలేదు. బ్యాడ్జి (ప్రవేశ టికెట్), హోటల్ ఇప్పటికే బుక్ చేసుంటే డబ్బు వాపసు గడువు ఏ తేదీతో ముగుస్తుందో ఈ రాత్రే చూడండి.