అప్పు చేసి లోతు బోరు వేయాలా, పొదుపుతో డ్రిప్ పెట్టుకోవాలా?

ప్రశ్న: మాకు ఆరెకరాలు ఉంది. రెండెకరాల్లో కూరగాయలు, రెండెకరాల్లో వరి వేస్తాం. మిగతా రెండెకరాలు బీడు. బోరులో నీళ్ళు ఏటేటా తగ్గుతున్నాయి. అప్పు చేసి ఇంకా లోతుగా కొత్త బోరు వేయిద్దామని అన్నయ్య అంటున్నాడు. దాచుకున్న డబ్బుతో కూరగాయలకు డ్రిప్ పెట్టి, మిగిలే నీళ్ళతో బీడు కూడా సాగులోకి తెద్దామని నా ఆలోచన. రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: డ్రిప్ పెట్టుకోండి. కొత్త బోరు కోసం ఇప్పుడు అప్పు చేయకండి. బీడును మాత్రం తడి సాగులోకి తేవద్దు. ఈ మూడో మాట మీకు నచ్చకపోవచ్చు, కానీ మీ డబ్బు నిలిచేదీ పోయేదీ దాని మీదే ఆధారపడి ఉంది.

పైసా ఖర్చు పెట్టకముందే మీ బోరు ఎంత పోస్తోందో కొలవండి. నడి ఎండాకాలంలో, మోటారు రెండు మూడు గంటలు నడిచాక కొలవాలి. ఆన్ చేయగానే వచ్చే ధారను నమ్మకండి. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండిందనుకుందాం. అంటే గంటకు 7,200 లీటర్లు. రోజుకు ఆరు గంటలు నడిపితే 43,200 లీటర్లు. మీ ఆదాయానికి అసలు పరిమితి ఇదే, భూమి ఎన్ని ఎకరాలన్నది ఆ తర్వాతి మాట.

ఇప్పుడు నీటి ఖర్చు వైపు చూడండి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు నిలపాలంటే సుమారు 4,000 లీటర్లు కావాలి. ఎండ బాగా ఉన్న రోజుల్లో ఏపుగా ఉన్న కూరగాయల పంటకు రోజుకు 5 మిల్లీమీటర్లు అనుకుంటే రెండెకరాలకు 40,000 లీటర్లు. ఇది మొక్కకు అందాల్సిన నీరు. కాలువలు తీసి పారిస్తే పోసినదానిలో సుమారు 60 శాతమే వేళ్ళకు అందుతుంది, బాగా నడిచే డ్రిప్‌లో 90 శాతం దాకా అందుతుంది. అంటే కాలువ పారకానికి రోజుకు దాదాపు 67,000 లీటర్లు తోడాలి, డ్రిప్‌కు 45,000 లోపే చాలు. పై లెక్క ప్రకారం కాలువలతో మీ రెండెకరాలే ఎండుతాయి. డ్రిప్‌తో దాదాపు సరిపోతుంది, ఆ రోజుల్లో మిగిలేదంటూ ఏమీ ఉండదు. మీ అంకెలు వేరుగా ఉండొచ్చు. కానీ ఈ కూడికలు, తీసివేతలు కాగితం మీద వేయకుండా డ్రిప్ కంపెనీకి గానీ, బ్యాంకుకు గానీ వెళ్ళకండి.

అన్నయ్యగారి ఆలోచన ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. లోతుకు వెళ్తే నీళ్ళు పడతాయన్న హామీ లేదు. గట్టి రాతి నేలల్లో లోతుకు పోయేకొద్దీ నీరు నిలిచే పగుళ్ళు సాధారణంగా తగ్గుతాయి. బోరు ఎండిపోయినా వాయిదా మాత్రం ఆగదు. నీళ్ళు పడినా ఖర్చు పెరుగుతుంది. వెయ్యి లీటర్లను 100 మీటర్లు పైకి ఎత్తడానికి కనీసం 0.27 యూనిట్ల కరెంటు కావాలి. పంపు, మోటారు కలిసి సగం సామర్థ్యంతో పనిచేస్తే 0.54 అవుతుంది. నీటి మట్టం 200 మీటర్లకు దిగితే ఇదంతా రెట్టింపు. కరెంటు ఉచితంగా వచ్చినా పెద్ద మోటారు, పొడవైన పైపులు, కాలిపోయినప్పుడు రిపేర్లు మీ జేబులోంచే. పైగా భూగర్భజలం చుట్టుపక్కల అందరిదీ కలిపి ఉన్న ఉమ్మడి ఖాతా. మీరు లోతుకు దిగితే పక్కవాళ్ళూ దిగుతారు, నాలుగేళ్ళకు మళ్ళీ ఇదే ప్రశ్న.

ఇక బీడు సంగతి. ప్రపంచంలో మనుషులు తోడుకునే మంచినీటిలో దాదాపు 70 శాతం సేద్యానికే పోతోంది, అందుకే డ్రిప్ మీద ఇంత ఆశ. కానీ 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక వ్యాసం ఒక ఇబ్బందికరమైన నిజాన్ని గుర్తుచేసింది. పొలంలో నీటి పొదుపు పెరిగినంత మాత్రాన మొత్తం వాడకం తగ్గదు. మిగిలిందనుకున్న నీటితో రైతు సాగు పెంచుతాడు. ముందు కాలువలోంచి ఇంకి మళ్ళీ భూమిలోకి చేరిన నీరు ఇప్పుడు అంత చేరదు. చివరికి బోరు ఇంకా త్వరగా దిగిపోతుంది. మీ విషయంలో దీని అర్థం, పెట్టుబడి ఆరెకరాల మీద పరుచుకుని, ఎద్దడి వచ్చిన ఏడాది ఆరెకరాలూ ఒకేసారి దెబ్బతినడం. బీడులో వాన మీద వచ్చే తక్కువ పెట్టుబడి పంట వేసుకోండి, లేదా పశుగ్రాసం.

వరిని వానలున్న కాలానికే ఉంచండి. ఎప్పుడూ నీరు నిలిపి ఉంచాల్సిన పని లేదు. చిల్లులున్న పైపు ముక్కను మడిలో పాతి, లోపలి నీరు నేల మట్టం కంటే 15 సెంటీమీటర్లు కిందికి దిగాక తడి ఇస్తే చాలు. నాటిన మొదటి రెండు వారాలు, పూత సమయంలో మాత్రం నీరు నిలపాలి. ఈ తడి-పొడి పద్ధతిలో 30 శాతం వరకు నీరు ఆదా అవుతుంది. ఖర్చు ఒక పైపు ముక్క.

పొదుపు మొత్తం డ్రిప్‌లో పోయకండి. ఒక పంట కాలానికి సరిపడా ఇంటి ఖర్చు, విత్తనాలు, ఎరువుల డబ్బు ముందు పక్కన పెట్టండి. అది పోగా చాలకపోతే ఈ ఏడాది ఒక ఎకరానికే డ్రిప్ వేయండి, రెండోది వచ్చే ఏడాది. సబ్సిడీ ఉంటే ముందే తగ్గించి ఇస్తారా, తర్వాత ఖాతాలో వేస్తారా అని అడగండి. తర్వాత వచ్చేదైతే చేతికి అందేవరకు లెక్కలో వేయొద్దు. ఫిల్టర్ మంచిది కొనండి, అక్కడ బేరం చేస్తే రంధ్రాలు పూడుకుపోయి మొత్తం పెట్టుబడి దండగ. పైపులు మార్చడానికి ప్రతి పంట అమ్మకంలో కొంత తీసి పెట్టండి.

ఎంతో కొంత అప్పు తప్పదంటే, వాయిదా నెలనెలా కాకుండా పంట చేతికొచ్చే నెలల్లో పడేలా అడగండి. గడువు పైపులు మన్నే కాలం కంటే తక్కువ ఉండాలి. అన్నయ్యగారితో మాట్లాడేటప్పుడు బోరు కొలత అంకెలు ఆయన చేతే రాయించండి.