ఫ్రెంచ్ వచ్చు కదా అని బుకారెస్ట్ బయల్దేరుతున్న మా మేనకోడలికి

చిన్నీ,

నీకు బుకారెస్ట్ ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ ఫోన్ చేసింది, చాలా సంతోషం వేసిందిరా, కానీ చివర్లో "దానికి ఫ్రెంచ్ ఎటూ వచ్చు కదన్నయ్యా, రొమేనియా వాళ్ల భాషా ఫ్రెంచూ రెండూ ఒకటేనట" అంది చూడు, అక్కడ గుండె గుభేల్‌మంది. సరిగ్గా ఆ మాట నమ్ముకునే నేను పారిస్ దగ్గర ఆఫీసు వదిలి రొమేనియాలో పితెష్తి అనే ఊరి పక్కన కార్ల ప్లాంటుకి వెళ్లా, మొదటి నెలంతా మూగోడిలా తిరిగా. అందుకే ఇంత పెద్ద మెసేజ్, విసుక్కోకుండా చదువు.

నీ ఫ్రెంచ్ కళ్లకి పనికొస్తుంది, చెవులకి కాదు. రెండూ లాటిన్ బిడ్డలే, క్రీ.శ. 106లో రోమన్ చక్రవర్తి ట్రాజన్ డాసియాని (ఇప్పటి రొమేనియా ప్రాంతాన్ని) గెలిచాక రోమన్ల భాష అక్కడ వేళ్లూనుకుంది. పైగా 19వ శతాబ్దంలో ఉన్నోళ్ల పిల్లలంతా చదువుకి పారిస్ వెళ్లి మాటలు మూటగట్టుకొచ్చారు, అంతకుముందు సిరిలిక్ లిపిలో (రష్యన్ రాసే లిపి లాంటిది) రాసుకునేవాళ్లు కూడా 1860 ప్రాంతంలో లాటిన్ లిపికి మారిపోయారు. అందుకే బగాజ్ (సామాను), ఎతాజ్ (అంతస్తు), బిరొవ్ (ఆఫీసు), షోఫెర్ (డ్రైవర్), దుష్ (షవర్), అన్నీ బోర్డు మీద చూడగానే తెలిసిపోతాయి. పారిస్‌లో గార్ దు నోర్ ఉంటే బుకారెస్ట్‌లో గారా దె నోర్ద్ స్టేషన్ ఉంది, నాకైతే దిగగానే నవ్వొచ్చింది.

కానీ మనిషి నోరు తెరిస్తే కథ వేరు. రోజువారీ చిన్న మాటలు చాలా స్లావ్ భాషల (రష్యన్, బల్గేరియన్ లాంటివి) వైపు నుంచి వచ్చాయి, అవునుకి వుయ్ కాదు దా, ఫ్రెండ్ అంటే ప్రియెతెన్ (మన 'ప్రియ' కి దూరపు చుట్టమే). సూప్ అంటే చోర్బ, అది టర్కీ వాళ్లది, హైదరాబాద్ షోర్బా కూడా దాని చుట్టమే. కాబట్టి వెళ్లకముందు ఓ యాభై చిన్న మాటలు బట్టీ పట్టు, వ్యాకరణం తర్వాత చూసుకోవచ్చు.

వ్యాకరణంలో ఫ్రెంచ్ కంటే తెలుగే నీకు ఎక్కువ సాయం, నిజం. ఫ్రెంచ్‌లో 'ల', 'లె' (ఇంగ్లిష్ 'ది' లాంటివి) మాటకి ముందొస్తాయి, వీళ్లు తోకలా వెనక తగిలిస్తారు, కాసా అంటే 'ఆ ఇల్లు', కాసెయ్ అంటే 'ఆ ఇంటి', 'ఆ ఇంటికి' రెండూనూ. విభక్తులతో పెరిగిన మనకి అది కొత్త కాదు, నా ఫ్రెంచ్ కొలీగ్స్ మాత్రం ఏడ్చేవాళ్లు. రాసింది రాసినట్టే పలుకుతారు కూడా, ఫ్రెంచ్‌లోలా సగం అక్షరాలు మింగరు. అక్షరం కింద చిన్న కామా ఉన్న 'టి' కనిపిస్తే భయపడకు, మీ అమ్మమ్మ 'ౘాప' అన్నప్పుడు పలికే ౘ అదే.

ఓసారి బట్టల షాపు అద్దం మీద 'మార్ఫ నోవ' అని పెద్దగా రాసుంది. నోవ అంటే తొమ్మిది అని అంకెల్లో నేర్చుకున్నా కదా, ఏదైనా తొమ్మిది లేయేనేమో (లేయి అంటే అక్కడి డబ్బు) అని ఆత్రంగా దూరి రెండు చొక్కాలు కౌంటర్ మీద పెట్టి పద్దెనిమిది లేయి లెక్కపెట్టి ఇచ్చా, ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసింది. కొత్త సరుకు అని దానర్థం! ఇంటికొచ్చాక వెలిగింది, ఫ్రెంచ్ 'నఫ్' కి కూడా తొమ్మిది, కొత్త రెండర్థాలూ ఉన్నాయి, ఇక మనకి నవగ్రహాలు, నవయుగం ఉండనే ఉన్నాయి. మూడు భాషలు వచ్చుండీ బుర్ర వాడలేదు చూడు.

మనుషుల సంగతి. స్కూల్లో ఫ్రెంచ్ చదివిన పెద్దవాళ్లు చాలామంది, వాళ్లతో రెండు ముక్కలు ఫ్రెంచ్‌లో మాట్లాడితే కాఫీ ఇప్పించి మరీ కబుర్లు చెప్తారు. 1859లో మోల్దావియా, వలాకియా అనే రెండు సంస్థానాలు ఒక్కటై రొమేనియాకి పునాది పడటానికి ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్ అండగా నిలబడ్డాడని నాకు చెప్పింది మా ప్లాంట్ స్టోర్స్ పెద్దాయనే. 1969లో వచ్చిన అక్కడి కారు డాసియా 1300 అసలు ఫ్రెంచ్ వాళ్ల రెనో 12 అని చెప్తూ, "బండి వాళ్లదే, రోడ్డు మీద నడిపించిన ఓపిక మాది" అనేవాడు. కుర్రాళ్ల దగ్గర మాత్రం ఫ్రెంచ్ తీయకు, ఇంగ్లిష్‌లోనే జవాబిస్తారు, ఫోజు కొడుతున్నావనుకుంటారు కూడా. బుకారెస్ట్‌ని 'చిన్న పారిస్' అని వాళ్లు అంటే అననీ, నువ్వనకు, ఎవరి ఊరు వాళ్లకి పెద్దదే. థాంక్స్‌కి మెర్సి అన్నా చెల్లుతుంది, పెద్దవాళ్లకి, ఆఫీసుల్లో ముల్ట్సుమెస్క్ అను.

ఇంకోటి, 2025 జనవరి 1 నుంచి రొమేనియా పూర్తిగా షెంగెన్‌లో (మధ్యలో సరిహద్దు తనిఖీల్లేని యూరప్ దేశాల గుంపు) ఉంది, నీ రెసిడెన్స్ పర్మిట్ చేతికొచ్చాక పారిస్ చూడటానికి వేరే వీసా అక్కర్లేదు, 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. కానీ దాంతో అక్కడ ఉద్యోగం చెయ్యడం కుదరదు, ఎవడో ఫ్రెండు చెప్పాడని మొదలెట్టకు.

సరే, సంతని 'పియాత్స' అంటారు, అది పది సార్లు అని వాయిస్ మెసేజ్ పెట్టు, ఆ ౘ సరిగ్గా పలికేదాకా మళ్లీ మళ్లీ చెప్పిస్తా.

మీ మావయ్య