మార్స్ ల్యాండర్ల సోలార్ ప్యానెళ్లకు వైపర్ ఎందుకు పెట్టరు?

అంత ఖర్చుపెట్టి పంపినవాళ్లు ఒక వైపర్ పెట్టలేకపోయారా అన్న మాట, 2022 డిసెంబరులో దుమ్ము పేరుకుని నాసా మార్స్ ల్యాండర్ ఇన్‌సైట్ ఆగిపోయినప్పటి నుంచీ వినిపిస్తూనే ఉంది. ఇంజినీర్లకు ఆ ఆలోచనే రాలేదనుకోవడం అన్యాయం.

ఇన్‌సైట్ ప్యానెళ్లు విసనకర్రలా విచ్చుకునే గుండ్రటివి, ఒక్కోటి 2.2 మీటర్ల వెడల్పు. తుడవాలంటే ఒక్కోదానికీ మీటరు దాటిన చెయ్యి, మోటారు, గేర్లు, వైర్లు కావాలి. మార్స్ చలిలో మోటారు తిరగాలంటే ముందు హీటరు వేయాలి. అంటే కరెంటు అడుగంటిన రోజునే కరెంటు ఖర్చు. చెయ్యి మధ్యలో ఇరుక్కుంటే దాని నీడ పడి ఉన్న కరెంటూ తగ్గుతుంది. పైగా ఆ దుమ్ము కొన్ని మైక్రాన్ల మెత్తటి పొడి, స్టాటిక్ కరెంటుతో అంటుకుంటుంది.

ఇన్‌సైట్ టీమ్ ఏం చేసిందో ఎవరూ చెప్పరు, నాకు బాధ అక్కడే. ముందు ప్యానెళ్లు విప్పే మోటార్లనే కుదుపులు కుదుపులుగా నడిపి దులపాలని చూశారు, కుదరలేదు. 2021 మే 22న రోబో చేతి పారతో ఇసుక ఎత్తి, గాలి బాగా వీచే వేళ ఒక ప్యానెల్ పక్కన సన్నగా వదిలారు. దుమ్ము మీద ఇంకా దుమ్మా అనిపిస్తుంది. కానీ ఇసుక రేణువులు పెద్దవి. గాలికి ప్యానెల్ మీదుగా గెంతుతూ పోయేటప్పుడు మెత్తటి పొడిని లేపుకుపోతాయి. గాలి వేగం సెకనుకు 6 మీటర్లు దాటలేదు, అయినా పవర్ అప్పటికప్పుడే పెరిగింది. మార్స్ రోజుకు దాదాపు 30 వాట్-అవర్లు లాభం. దిగిన కొత్తలో రోజుకు 5,000 వచ్చేవి, 2022 వసంతానికి 500కు పడిపోయాయి. అలాంటి స్థితికి జారుతున్న మెషిన్‌కు 30 కూడా విలువైనదే.

90 మార్స్ రోజుల కోసం చేసిన, మార్స్ మీద తిరిగే బండి (రోవర్) ఆపర్చునిటీ 2018 దాకా నడవడానికి పెద్ద కారణం, గాలులు అప్పుడప్పుడూ ప్యానెళ్లు ఊడ్చిపోవడమే. ఇన్‌సైట్ ప్రెజర్ సెన్సర్ వేల సుడిగాలులను పట్టింది, ఒక్కటీ సరిగ్గా శుభ్రం చేయలేదు. అందుకే గాలిని నమ్ముకుని ప్లాన్ వేయకూడదంటాను.

ఏళ్ల తరబడి పని కావాలంటే క్యూరియాసిటీ, పర్సివరెన్స్ రోవర్లలా ప్లుటోనియం వేడితో కరెంటు ఇచ్చే జనరేటరే దారి. అది మొదట్లో ఇచ్చేది 110 వాట్లే, కానీ రాత్రీ పగలూ ఇస్తుంది, దుమ్ముతో దానికి పనిలేదు. చిక్కల్లా బరువు: సుమారు 45 కిలోలు. ఇన్‌సైట్ మొత్తమే దాదాపు 360 కిలోలు.